మట్టి మిద్దె సర్టిఫికెట్

హైదరాబాదులో నేను చేసే ఉద్యోగం ఏమిటో ఇంట్లోవాళ్ళకు చెప్పడం కన్నా ఆ ఉద్యోగం చేయడమే సులువుగా ఉండేది. పెద్ద పెద్ద ఆఫీసు బిల్డింగులకు వెళ్ళాలి. అద్దాల్లోంచి, గోడల్లోంచి, కప్పులోంచి ఎంత వేడి లోపలికి దిగుతున్నదో, దాన్ని చల్లార్చడానికి ఏసీలు ఎంత కరెంటు తింటున్నాయో కొలవాలి. చివరికి ఆ బిల్డింగు ఏపాటిదో తేల్చి సర్టిఫికెట్ తయారుచేయాలి. మార్కుల షీటు లాంటిదే, కాకపోతే పిల్లలకు కాదు, బిల్డింగులకు.

నారాయణఖేడ్‌లో మా అమ్మ ఈ సంగతిని తనకు నచ్చినట్టు మార్చుకుంది. "మా బిడ్డ బిల్డింగులకు పరీక్షలు పెడతది" అని వాడకట్టంతా చెప్పింది. అందరూ తలలూపారు. మా మామ ఒక్కడే ఊపలేదు. మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు, మేస్త్రీ. మా ఊళ్ళో సగం ఇండ్లకు పునాది తీసింది ఆయనే. నేను పండగకో పెళ్ళికో బస్సు దిగి ఇంటికి రాగానే చాయ్ గ్లాసు పట్టుకుని వచ్చి ఎదురుగా కూచునేవాడు.

"ఫెయిలైన బిల్డింగును ఏం జేస్తరు బిడ్డ, కూలగొడతరా?"

"కూలగొట్టరు మామ. కాగితం మీద తక్కువ రాస్తం, అంతే."

"మరి గా కాగితం ఎవలికి గావాలె?"

కిరాయికి తీసుకునే కంపెనీలకు కావాలని, అమ్ముకునేవాళ్ళకు కావాలని, కొత్తగా కట్టేవాళ్ళు గొప్పగా చెప్పుకోవడానికి కావాలని వివరంగా చెప్పాను. మామ శ్రద్ధగా విన్నాడు.

"అంటే అండ్ల కూసునేటోళ్ళకు ఉడకపోస్తుందా లేదా అన్నది కాగితం జూసి తెలుసుకుంటరన్నట్టు."

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో పేరు. మూడేళ్ళ ఇంజనీరింగు డిప్లొమా, ఆపైన నాలుగేళ్ళ ఉద్యోగం ఒక్క మాటతో చాయ్‌లో బిస్కెట్‌లా నానిపోతే ఎవరికి మాత్రం రాదు? ఇక ఆ సంగతి ఎత్తొద్దని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. మామ నవ్వుకుంటూ చాయ్ తాగాడు.

ప్రత్యేక రాష్ట్రం రావడానికి రెండేళ్ళ ముందు ఎండాకాలంలో అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఒక బాల్వాడిలో టీచరు. కూలికి పోయే తల్లులు పొద్దున్నే పిల్లల్ని వదిలిపెట్టి సాయంత్రం తీసుకుపోతారు. ఎండాకాలం ఉపాధి పనులు జోరుగా ఉంటాయి కాబట్టి దానికి సెలవులు లేవు. పాతికమంది పిల్లలు, వంట చేసే ఆయమ్మ, మా అమ్మ. అందరూ ఉండేది ఒకే గదిలో, ఒక పెద్ద అర్రలో. రాళ్ళు, మట్టి కలిపి కట్టిన మందపాటి గోడలు, మీద మట్టి మిద్దె. మామ తన చేతుల మీదుగా కట్టిన ఆఖరి మట్టి మిద్దె అదే. ఆ తర్వాత ఊరంతా స్లాబు అడిగింది, ఆయనా స్లాబులే పోశాడు, ఇల్లు గడవాలి కదా.

"పిల్లల పగటి తిండికి పైసలిచ్చే సంస్థోళ్ళు ఫారం పంపిన్రు బిడ్డ. బిల్డింగు పక్కానా కచ్చానా అని అడుగుతున్రు. మట్టిది గాబట్టి మనది కచ్చా అంట. కచ్చా అయితే తిండికి ఇయ్యరంట. మిద్దె పీకేసి రేకులెయ్యాలె అంటున్నడు పెద్దసారు."

పెద్దసారంటే బాల్వాడి నడిపే కమిటీకి పెద్ద. అమ్మకు ఐదో తరగతి చెప్పిన సారే. రిటైరై పదేళ్ళు దాటినా ఆయన చేతిలో ఎర్ర పెన్ను అలాగే ఉంది. కమిటీ దగ్గరున్న డబ్బు స్లాబుకు చాలదు, రేకులకు సరిపోతుంది. రేకులు పక్కా కిందికి వస్తాయి. మే నెలలో రేకుల కింద పాతికమంది పసిపిల్లల్ని పడుకోబెట్టడం అంటే ఏమిటో అమ్మకు తెలుసు. తిండి ఆగిపోతే ఏమవుతుందో కూడా తెలుసు. ఫోన్‌లో ఆమె గొంతు సన్నగా వినబడింది.

"మామ ఏమన్నడు?"

"ఏమనలే. కచ్చా అనంగనే లేచి బయటికి పోయిండు. బయట గోడను అరచేత్తోటి తట్టుకుంట నిలవడ్డడు."

ఫారం మొత్తం చదివి వినిపించమన్నాను. అడుగున చిన్న అక్షరాల్లో ఒక దారి దొరికింది. కచ్చా భవనమైతే, అది గట్టిగా ఉందని ఒక ఇంజనీరు, పిల్లలకు తగిన గాలి, వెలుతురు, చల్లదనం ఉన్నాయని కొలిచి మరొక ఇంజనీరు రాసిస్తే పరిశీలిస్తారట. గట్టిదనం గురించి రాసివ్వడానికి ఊళ్ళోనే ఒక ఇంజనీరు ఒప్పుకున్నాడు. ఇక మిగిలింది చల్లదనం. ఆఫీసులో అడిగి నాలుగు కొలత యంత్రాలు సంచిలో వేసుకుని బస్సెక్కాను. దారి పొడుగునా నాకు ఒకటే సంబరం. కాగితం ఎవరికి కావాలో మామకు చూపిస్తాను కదా అని.

ఆ యంత్రాలు అగ్గిపెట్టెంత ఉంటాయి. పావుగంటకోసారి ఎంత వేడి ఉందో, గాలిలో ఎంత తేమ ఉందో తమంతట తామే గుర్తు పెట్టుకుంటాయి. ఒకటి పిల్లలు పడుకునేచోట, ఒకటి దూలానికి, ఒకటి బయట నీడలో పెట్టాను. నాలుగోది పక్క ఆవరణలో కమిటీ మీటింగులు పెట్టుకునే రేకుల షెడ్డులో పెట్టాలి. రేకులేస్తే ఎట్లా ఉంటుందో దానివల్ల తెలుస్తుంది.

"గివేంది, ఇంటికి జొరం సూసే మిషన్లా?" అన్నాడు మామ.

"అట్లనే అనుకో. రేపు పొద్దున దాకా ఎవరూ ముట్టద్దు. రోజూ ఎట్ల ఉంటరో అట్లనే ఉండండి."

"రోజూ లెక్కనే ఉంటం" అంది అమ్మ, చాలా వినయంగా. ఆ వినయం చూసైనా నాకు అనుమానం రావలసింది. షెడ్డుకు వెళ్ళి, అటునుంచి గట్టిదనం కాగితం తెచ్చుకోవడానికి వెళ్ళి, పొద్దుగూకిన తర్వాత గానీ తిరిగి రాలేదు.

మర్నాడు యంత్రాలను లాప్‌టాప్‌కు తగిలించి చూశాను. మధ్యాహ్నం రెండు గంటలకు బయట నలభై రెండు. రేకుల షెడ్డులో నలభై ఐదు. బాల్వాడిలో ఇరవై ఎనిమిది. నేను గాల్లో తేలిపోయాను. హైదరాబాదులో కోట్లు పోసి కట్టిన అద్దాల బిల్డింగులు ఏసీలు ఆపితే అరగంట నిలవవు, మా మామ మిద్దె కింద ఇరవై ఎనిమిది! అమ్మను కూడా పిలిచి చూపించాను. అమ్మ తమ్ముడి వైపు చూసింది. మామ కప్పు వైపు చూశాడు.

అప్పుడు తెర మీద తేమ చూపించే గీత చూశాను. పన్నెండున్నర దాకా మే నెలకు తగ్గట్టు అట్టడుగున ఉన్న గీత, ఉన్నట్టుండి శ్రావణమాసంలోలాగా లేచి కూచుంది. చాప ఎత్తి చూస్తే నేల ఇంకా చెమ్మగా ఉంది. కిటికీ చువ్వలకు గోనెసంచుల పీచు అంటుకుని ఉంది.

అడగ్గానే ఒప్పుకున్నారు. నేను వీధి మలుపు తిరగ్గానే పని మొదలైందట. బోరింగు నుంచి ఆయమ్మ నలభై బిందెలు కొట్టింది. మామ మిద్దె మీద నీళ్ళు చల్లాడు. అమ్మ అర్రంతా పేడతో అలికి, కిటికీలకు తడి గోనెసంచులు వేలాడదీసింది. పక్కింటివాళ్ళు గుమ్మానికి కట్టడానికి తమ పాత దుప్పటి తడిపి ఇచ్చారు. అంటే వాడకట్టు మొత్తానికి తెలుసు, నాకు తప్ప.

నేను గట్టిగానే అరిచాను. "దొంగ లెక్క రాయమంటరా నన్ను? నా సంతకం ఉంటది దాని మీద."

"దొంగతనం ఏముంది అండ్ల?" అన్నాడు మామ. "ఇంటికి సుట్టమొస్తున్నదంటే అలుకుతమా లేదా? నీ మిషను సుట్టమే గదా. ఉన్నదున్నట్టు కూసోబెట్టి పంపిస్తే మన ఇజ్జత్ ఏముంటది?"

"మామ, నీ మిద్దె మీద నీకే నమ్మకం లేదా?"

ఆ మాట అనకుండా ఉండాల్సింది. మామ మొహం చిన్నబోయింది. తలగుడ్డ తీసి మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"నాకున్నది బిడ్డ. ఆళ్ళకు లేదు. కచ్చా అని రాసిన్రు. గా మాట నా పాణానికి తగిలింది. కాగితం మీద ఇంకో రెండు మార్కులు ఎక్కువ వడితే ఏం వోతది అనుకున్న."

నా కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. రెండు మార్కుల కోసం మండుటెండలో ఆ వయసులో మిద్దె ఎక్కి నీళ్ళు చల్లిన మనిషిని నేను దొంగ అన్నాను. సిగ్గేసింది. ఆయన మీద ఎంత ప్రేమ ఉందో ఆ పూటే నాకు సరిగ్గా తెలిసింది, కానీ పైకి మాత్రం మళ్ళీ కొలుద్దామని అన్నాను.

ఒక రోజు ఆగాం, అర్ర ఆరడానికి. మూడో రోజు మామనే కాపలా పెట్టాను. అదీ ఒక తప్పే అయింది. ఒక్క చుక్క నీళ్ళు కూడా లోపలికి పోవద్దని నేను అన్నానని, పిల్లలు తాగే కుండను కూడా బయట వేపచెట్టు కిందికి మార్పించాడు. ఆయమ్మ గిన్నెలు కడిగిన చేతులతో లోపలికి రాబోతే ఆపి, కొంగుకు తుడుచుకున్నాకే రానిచ్చాడు. దాహమేసిన పిల్లలు ఒక్కొక్కరే బయటికి వెళ్ళి తాగి, మూతి తుడిపించుకుని లోపలికి వచ్చారు. అమ్మ ఆ రోజంతా తమ్ముడితో మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున లెక్క చూశాం. మధ్యాహ్నం రెండింటికి బయట మళ్ళీ నలభై రెండే, లోపల ముప్పై మూడు. మామ నా భుజం మీదుగా తొంగి చూస్తూ "ఐదు మార్కులు తగ్గినయా?" అన్నాడు దిగులుగా. తగ్గలేదు మామ, బయటికన్నా తొమ్మిది, రేకులకన్నా పన్నెండు తక్కువ ఉంది, అదీ ఒక్క చుక్క నీళ్ళు లేకుండా అని చెప్పాను. ఆ మధ్యాహ్నమంతా కరెంటు లేదన్న సంగతి కూడా గుర్తు చేశాను. ఎట్లా వచ్చింది ఈ చల్లదనం అని నేనే అడిగాను, నోట్‌బుక్కు తీసుకుని.

మామ చెప్పాడు. దూలాలు, వాటి మీద అడ్డంగా పరిచిన సన్నటి దంతెలు, దంతెల మీద తంగేడు కట్టె, దాని మీద వేపాకు, ఆపైన మూరెడు మట్టి. అన్నింటి మీదా సౌడు. సౌడు అంటే ఊరి బయట ఏ పంటా పండని చోట దొరికే తెల్లటి ఉప్పుమట్టి. వాన పడితే అది బిగుసుకుని చుక్క దిగనివ్వదు. కానీ ఏటేటా జూన్ మొదట్లో వచ్చే మిరుగు కార్తెకు ముందు కొత్త సౌడు పోయాలి, లేకపోతే మిద్దె కురుస్తుంది. ఆ మిద్దె మీద పాతికేళ్ళుగా ఏటా సౌడు పోస్తున్నది మామే, ఎవరూ అడగకుండా, కూలి లేకుండా. చిన్నప్పుడు ఎన్నోసార్లు చూశాను. అది ఒక పని అని నాకెప్పుడూ తోచలేదు.

ఆఫీసు వాళ్ళ లెక్కల ప్రోగ్రాంలో ఆ అంకెలన్నీ ఎక్కించబోతే ఇంకో చిక్కు వచ్చింది. ఏసీలు ఎన్ని అని అడిగింది. సున్నా అని కొట్టాను. ఒప్పుకోలేదు. చల్లబరచడానికి ఏడాదికి ఎన్ని యూనిట్లు అని అడిగింది. సున్నా అన్నాను. తప్పు సరిచేసుకొమ్మని ఎర్ర అక్షరాల్లో చెప్పింది. కరెంటు తినకుండా చల్లగా ఉండే ఇల్లు ఒకటి ఉంటుందని దాన్ని తయారుచేసినవాళ్ళకు తట్టలేదు. విసుగొచ్చి మూసేసి, తెలుగులో నేనే రెండు పేజీలు రాసి, బస్‌స్టాండ్ దగ్గర టైపు చేయించాను. యజమాని పేరు, కట్టడం వివరం, కొలతలు, కొలిచిన విధానం, మొదటి రోజు కొలత ఎందుకు పనికిరాదో ఆ కథ కూడా, చివర పరీక్షించిన వారు అని నా సంతకం.

పెద్దసారు ఫారంతో పాటు దాన్ని పంపే ముందు స్వయంగా చదివి చూస్తానన్నాడు. ఆయన నమ్మకపోతే కమిటీ నమ్మదు, సోమవారం రేకులు దిగుతాయి. శనివారం మధ్యాహ్నం రెండింటికి వచ్చాడు. పిల్లలు అప్పుడే పడుకున్నారు. అమ్మ వేలు పెదాల మీద పెట్టి, గోడవారన చాప వేసింది. కుర్చీ జరిపితే చప్పుడవుతుందని. పెద్దసారు చెప్పులు విడిచి, చాప మీద గోడకు ఆనుకుని కూచుని, ఎర్ర పెన్ను తీసి చదవడం మొదలుపెట్టాడు. నేను, మామ గుమ్మం దగ్గర నిలబడ్డాం.

మొదటి పేజీలో రెండు అక్షర దోషాలు దిద్దాడు. పేజీ తిప్పాడు. కాసేపటికి పెన్ను ఆగింది. ఏదో పెద్ద తప్పే దొరికిందని నేను అనుకున్నాను. మామ నా చేయి గిల్లి అటు చూపించాడు. పెద్దసారు గడ్డం ఛాతీ మీద వాలిపోయింది. కళ్ళద్దాలు ముక్కు చివరికి జారాయి. పక్కనున్న పాప నిద్రలోనే దొర్లి ఆయన తొడ మీద కాలు వేసింది. ఆయన మరికాస్త సర్దుకుని, గురక మొదలుపెట్టాడు. అమ్మ వెళ్ళి ఆయన చేతిలోంచి ఎర్ర పెన్ను మెల్లగా తీసి మూత పెట్టింది.

పిల్లలు లేచే మూడున్నరకు ఆయనా లేచాడు. ఎవరి మొహమూ చూడకుండా కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. రెండో పేజీ బయటికి తెచ్చి, నిలబడి, వేపచెట్టు కింద చివరిదాకా చదివాడు.

"అంత మంచిగనే ఉన్నది. ఒక్కటి తక్కువున్నది."

"ఏంది సార్?"

"యజమాని పేరున్నది. కొలిచినామె పేరున్నది. కట్టినోని పేరేది?"

మా ఆఫీసు ఫారాల్లో యజమాని, ఆర్కిటెక్టు, ఇంజనీరు, పరీక్షకుడు ఉంటారు. మేస్త్రీకి గడి ఉండదు. అలవాటు కొద్దీ నేనూ వదిలేశాను, సొంత మామనే. పెద్దసారే చివరి వరస కింద ఎర్ర పెన్నుతో ఒక గీత గీసి, "కట్టిన మేస్త్రీ" అని రాసి మామకు ఇచ్చాడు. మామకు రాయడం వచ్చినదల్లా తన పేరొక్కటే. నా వీపు మీద కాగితం పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాడు. ఆ పెన్ను వత్తిడి నాకిప్పటికీ గుర్తుంది.

"ఏడాదికే చెల్లుతది గిది" అన్నాడు పెద్దసారు. "మల్ల మిరుగుకు సౌడు పోసినంక, పోసినోళ్ళు ఈడ సంతకం వెడితేనే ఇంకో ఏడాది. లేకుంటే రేకులే."

సంస్థవాళ్ళు ఒప్పుకున్నారు. తిండి ఆగలేదు, మిద్దె పీకలేదు. మరుసటి ఏడు మామ సౌడు పోసి, చేతులు కడుక్కుని, కాగితం మీద మళ్ళీ సంతకం పెట్టాడు. ఆ రోజు నాకు ఫోన్ చేయించి మరీ చెప్పాడు. "నా బిల్డింగు పాసైంది బిడ్డ."

ఆ చలికాలంలో వేరేవాళ్ళ స్లాబు పని దగ్గర సారువ కట్టెల పరంజా మీదినుంచి పడ్డాడు. తుంటి ఎముక విరిగింది. నాలుగు నెలలు మంచంలో ఉన్నాడు. నిచ్చెన ఎక్కొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. రాష్ట్రం వచ్చిన వారంలోనే మిరుగు వస్తున్నది. స్లాబులు పోసే కుర్రవాళ్ళను అమ్మ అడిగితే సౌడు పని తెలియదన్నారు. నేను సెలవు పెట్టి వచ్చాను.

మామ వేపచెట్టు కింద కుర్చీలో కూచున్నాడు, చేతికర్ర మోకాళ్ళ మధ్య. ట్రాలీ ఆటోలో సౌడు వచ్చింది. నేనూ ఆయమ్మా తట్టలతో పైకి మోశాం. పైన చదును చేసి దిమ్మిసతో కొడుతుంటే కింది నుంచి వినబడేది. "గట్ల గాదు బిడ్డ. నడిమిట్ల ఎత్తు, అంచులకు వాలు. నీళ్ళు నిలవొద్దు." ఆయనకు పైన ఏమీ కనబడదు. దిమ్మిస చప్పుడు విని చెబుతున్నాడు. "ఆ మూలకు పలుచగయింది. ఇంకో తట్ట ఎయ్యి." వెళ్ళి చూస్తే నిజంగానే పలుచగా ఉండేది. మధ్యాహ్నానికి అరచేతులు బొబ్బలెక్కాయి. నడుము వంగనంటున్నది. ఇన్నేళ్ళు ఈ పని ఒక్కడే చేశాడన్న సంగతి తలచుకుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి, చెమట అనుకుని తుడుచుకున్నాను.

దిగివచ్చేసరికి పెద్దసారు కాగితంతో వచ్చి ఉన్నాడు. నేను కాగితం తీసుకుని మామ ఒళ్ళో పెట్టి, పెన్ను చేతికిచ్చాను. ఆయన తీసుకోలేదు.

"నీ పేరు రాయి."

"ఇది మేస్త్రీ గడి మామ. నాది పైన ఉంది, పరీక్షించిన వారు అని."

"సారు ఏం జెప్పిండు? పోసినోళ్ళ సంతకం అన్నడు. ఇయ్యాల్ల నేను పోసిన్నా? కుర్సీల కూసున్న. దొంగ లెక్క రాయమంటవా నన్ను?"

రెండేళ్ళు దాచి పెట్టుకున్న మాట. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. మామ తలగుడ్డ తీసి, మోకాలి మీద పరిచి, దాని మీద కాగితం పెట్టి, కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. బొబ్బలెక్కిన చేత్తో పెన్ను సరిగ్గా ఆగలేదు. మెల్లగా, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, ఆయన పేరు కింద నా పేరు రాశాను.